అర్థశాస్త్రం చదువుతానన్న అమ్మాయికి



ఈ నెల మన శీర్షికకు అందిన లేఖల్లో ఒకటి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిది. ఆమె తీసుకున్న గ్రూపు ఎం.ఇ.సి. అంటే గణితం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం. విశ్వవిద్యాలయంలో చేరి అర్థశాస్త్రం చదవాలని ఆమె కోరిక. ఇంట్లో మూడు అభ్యంతరాలు ఎదురయ్యాయట. అది వడ్డీల చదువని పెద్దన్నయ్య అంటున్నాడు. ఊళ్లోనే బి.కాం. చేస్తే ఏదో ఒక కొలువు దొరుకుతుందని, అర్థశాస్త్రం చదివినవారికి ఉద్యోగం ఎక్కడుందని తండ్రిగారు అడుగుతున్నారు. ఆడపిల్లను అంత దూరం పంపడం దేనికని బంధువులు ప్రశ్నిస్తున్నారు.

ఆమె తన కారణాన్ని కూడా రాసింది. వారి వీధిలో ప్రతి మంగళవారం ఉదయం పదిమంది స్త్రీలు ఒక ఇంటి అరుగు మీద కూర్చుని అప్పు కిస్తీలు కడతారు. ఒకరు కట్టలేకపోతే మిగిలినవారంతా కలిసి ఆ సొమ్ము పూడ్చాలి. ఎదురింటి ఖాలా ఒక సంస్థ అప్పు తీర్చడానికి మరో సంస్థ దగ్గర అప్పు తీసుకుంది. ఆమె కుట్టుమిషను పగలూ రాత్రీ నడుస్తూనే ఉంది, ఆమె పనిలో సోమరితనం లేదు, ఇంట్లో దుబారా లేదు. అయినా ఆ అప్పు ఎందుకు తరగడం లేదో తనకు తెలియాలని ఆ అమ్మాయి కోరుకుంటోంది.

ఇంటర్ పరీక్షలు ముగిసే ఈ కాలంలో చాలా ఇళ్లలో ఇటువంటి చర్చే జరుగుతూ ఉంటుంది. అందుకని జవాబు ఆమెకే రాసినా, తల్లిదండ్రులు కూడా చదవాలని మనవి.

అమ్మా! ముందుగా నీ కారణం గురించి ఒక మాట. విదేశాల్లోని కొన్ని విశ్వవిద్యాలయాలు ఒక శాస్త్రాన్ని ఎందుకు చదవదలిచావో రాసి ఇమ్మని విద్యార్థిని అడుగుతాయి. మన దగ్గర సాధారణంగా మార్కులు, ర్యాంకు చూస్తారు, కారణం అడగరు. ఇంట్లో కూడా ఏ కోర్సుకు ఎంత జీతం వస్తుందన్న దగ్గరే మాట ఆగిపోతుంది. జీతం ఆశించడం తప్పు కాదు. ధర్మసమ్మతమైన సంపాదన కోసం పాటుపడటం కూడా ఆరాధనలో భాగమే. కానీ నీవు ఒక ప్రశ్నతో బయలుదేరావు. కళ్లెదుట ఒక మనిషి పడుతున్న కష్టానికి మూలం ఏమిటో తెలుసుకోవాలనుకున్నావు. ఒక శాస్త్రం చదవడానికి ఇంతకన్నా మంచి కారణం ఉండటం అరుదు.

ఇక మీ పెద్దన్నయ్య మాట. అతని ఆందోళనను తేలికగా తీసివేయకు. హరామ్ సొమ్ము ఇంట్లోకి వస్తుందేమోనన్న భయం విశ్వాసి హృదయంలో ఉండవలసిన భయమే. అయితే ఆ భయం మనల్ని విషయ జ్ఞానానికి దూరం చేయాలా, దగ్గర చేయాలా? ఈ ప్రశ్నకు దివ్యఖుర్ఆన్‌లోనే జవాబు వెదుకుదాం.

బఖరా సూరాలో 275వ వాక్యం మొదలుకొని వడ్డీ నిషేధం గురించిన ఆదేశాలు వరుసగా వస్తాయి. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వాలని, వీలైతే మాఫీ చేయడం ఇంకా మేలని 280వ వాక్యం బోధిస్తుంది. ఆ వెంటనే వచ్చే 282వ వాక్యం మొత్తం ఖుర్ఆన్‌లోకెల్లా పెద్దది. దాని విషయం అప్పు పత్రం. అప్పును గడువుతో సహా రాసుకోవాలి, రాసేవాడు న్యాయంగా రాయాలి, సాక్షులుండాలి, చిన్న మొత్తమైనా పెద్ద మొత్తమైనా రాయడానికి విసుగు చెందరాదు. వడ్డీని నిషేధించిన గ్రంథమే అప్పు లెక్కను ఎలా రాయాలో ఇంత వివరంగా నేర్పింది. లావాదేవీల నుండి కళ్లు తిప్పుకోవడం మనకు నేర్పిన పద్ధతి కాదు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) నమాజులో అప్పుల భారం నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఇంత తరచుగా ఎందుకని అడిగినప్పుడు, అప్పుల్లో మునిగిన మనిషి అబద్ధమాడవలసి వస్తుందని, మాట తప్పవలసి వస్తుందని వివరించారు. అప్పు మనిషి శీలాన్ని కూడా ఎలా దెబ్బతీస్తుందో ఆయన చెప్పిన తీరు చూడు. నీ వీధిలో మంగళవారం ఉదయం అరుగు మీదికి రాకుండా తలుపు వేసుకున్న స్త్రీ ముఖాన్ని ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ మాట లోతు బోధపడుతుంది.

హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) పాలనాకాలం గురించి ఒక ఉల్లేఖనం ఉంది. ధర్మం గురించిన అవగాహన లేనివారు తమ బజారులో అమ్మకాలు సాగించరాదని ఆయన ఆదేశించారు. కూరగాయల కొట్టు పెట్టేవాడికే జ్ఞానం అవసరమైతే, ఒక సమాజం మొత్తానికి తన ఆర్థిక వ్యవహారాలు తెలిసినవారు కొందరైనా ఉండవద్దా? సమాజంలో కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యత తీరే విధులను ఫర్జె కిఫాయా అంటారు. ఇమామ్ గజాలీ (1058–1111) వైద్యాన్ని, గణితాన్ని ఈ కోవలోనే చేర్చారు. లావాదేవీలకు, వారసత్వపు పంపకాలకు లెక్కలు కావాలి గదా అన్నది గణితం విషయంలో ఆయన చూపిన కారణం.

మీ అన్నయ్యకు ఒక చిన్న లెక్క చూపించు. పదివేల రూపాయల అప్పు. వారానికి 230 రూపాయల చొప్పున 50 వారాలు కట్టాలి. కట్టేది మొత్తం 11,500. పదివేలకు పదిహేను వందలు కాబట్టి వడ్డీ 15 శాతమేనని చెబుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తీసుకున్న పదివేలు ఏడాది పొడుగునా ఆమె దగ్గర ఉండవు. మొదటి వారం నుండే అసలు తిరిగి వెళ్లిపోతూ ఉంటుంది. సగటున ఆమె చేతిలో ఉండేది అయిదు వేల పైచిలుకు మాత్రమే. అయిదు వేలకు పదిహేను వందలంటే నిజమైన వడ్డీ సుమారు 30 శాతం. అలాగే, ‘నూటికి మూడు రూపాయలు’ అని మన ఊళ్లలో చెప్పుకునే వడ్డీ ఏడాదికి 36 శాతం. ఆ వడ్డీని నెలనెలా అసలులో కలిపితే 42 శాతం దాటిపోతుంది. వడ్డీ హరామ్ అని తెలిసి కూడా గత్యంతరం లేక అందులో దిగినవారు మన వీధుల్లో ఉన్నారు. తాము ఎంత కడుతున్నారో కూడా వారిలో చాలామందికి తెలియదు. ఈ లెక్క తెలిసిన పిల్ల ఒక్కతె ఉంటే ఆ వీధికి మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా?

అసలు అర్థశాస్త్రాన్ని వడ్డీల చదువనడమే సరికాదు. వడ్డీ దానిలో ఒక అధ్యాయం. ధరలు ఎలా ఏర్పడతాయి, కూలి ఎందుకు పెరగదు, పన్ను ఎవరి మీద పడుతుంది, పంట బాగా పండిన ఏడాదే రైతు ఎందుకు నష్టపోతాడు, చదువుకున్న యువకుడికి పని ఎందుకు దొరకదు అన్నవన్నీ ఆ శాస్త్రం అడిగే ప్రశ్నలే. మదనపల్లె మార్కెట్టులో ఒక నెల టమాటాను కొనే నాథుడు ఉండడు, మరొక నెల సామాన్యుడు దాన్ని కొనలేడు. రెండూ అదే రైతు, అదే నేల. ఈ తేడాకు కారణం వెదకడమే అర్థశాస్త్రం.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ మన ఇళ్లలో పిల్లలందరికీ తెలుసు. బావి, చెరసాల, స్వప్నం గురించి చెబుతాము కానీ ఆ స్వప్న ఫలం దగ్గర కొంచెం తొందరపడతాము. ఆయన కలకు అర్థం చెప్పి ఊరుకోలేదు, ఒక ప్రణాళికను కూడా ఇచ్చారు. ఏడేళ్లు వరుసగా సాగు చేయాలి. తినడానికి కావలసిన కొద్దిపాటి ధాన్యం తప్ప మిగతాది కంకులతోనే నిల్వ ఉంచాలి. తర్వాత వచ్చే ఏడు కరవు సంవత్సరాలను ఆ నిల్వతో దాటాలి. ఆ తరువాత దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని రాజును ఆయనే అడిగారు. అందుకు తనలోని రెండు అర్హతలను పేర్కొన్నారు. ఒకటి, భద్రంగా కాపాడే గుణం. రెండవది, జ్ఞానం. మన సమాజంలో మొదటి గుణం గలవారు చాలామంది ఉన్నారు, అల్‌హమ్దులిల్లాహ్. మస్జిద్ కమిటీ సొమ్ములో ఒక్క రూపాయి తేడా రానివ్వని పెద్దలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. అయితే ఆ సొమ్ము ఎవరికి, ఎప్పుడు, ఏ రూపంలో చేరితే ఎక్కువ మేలు కలుగుతుందో లెక్క వేసి చెప్పగలవారు తక్కువ. రెండవ అర్హత చదువుతోనే వస్తుంది.

ఇది పరాయివారి శాస్త్రమని కూడా ఎవరైనా అనవచ్చు. ట్యూనిస్‌లో పుట్టిన ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ముఖద్దిమాను 1377లో రాశారు. శ్రమ విభజన గురించీ, రాజ్యం తొలి దశలో తక్కువ పన్నులతోనే ఎక్కువ రాబడి పొంది, చివరి దశలో ఎక్కువ పన్నులు వేసి కూడా తక్కువ రాబడి పొందడం గురించీ అందులో చర్చించారు. కైరోలో ముహ్తసిబ్‌గా, అంటే బజారు పర్యవేక్షణాధికారిగా పనిచేసిన అల్ మఖ్రీజీ (1364–1442) తన కాలంలో ఈజిప్టును పీడించిన కరవు మీద ఒక గ్రంథమే రాశారు. నైలు నదిలో నీరు తగ్గడంతోనే ఆయన సరిపెట్టుకోలేదు. లంచాలిచ్చి పదవులు కొనుక్కోవడం, భూముల కౌలు పెంచేయడం, రాగి నాణేలను విపరీతంగా చలామణిలోకి తేవడం, ఈ మూడింటిని ఆయన కారణాలుగా చూపారు. కష్టం వచ్చినప్పుడు సహనం వహించడం ఎంత ధర్మమో, దానిలో మనుషుల చేతులు చేసిన పాపం ఎంతో విచారించడం కూడా అంత ధర్మమని ఆ పండితుని కృషి మనకు చూపుతుంది.

అంత దూరం పోనవసరం లేదు, మన హైదరాబాద్ సంగతి చూడు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అప్పట్లో బోధనా భాష ఉర్దూ. అర్థశాస్త్రాన్ని కూడా ఆ భాషలోనే బోధించారు. అక్కడ అర్థశాస్త్ర శాఖకు అధిపతిగా ఉన్న అన్వర్ ఇక్బాల్ ఖురేషీ వడ్డీ సిద్ధాంతాన్ని ఇస్లామీ దృష్టితో పరిశీలిస్తూ 1940లలో ఒక పుస్తకం రాశారు. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఈ నగరంలో నడిచిన వడ్డీలేని రుణ సంఘాల గురించి ప్రపంచానికి తెలియజేశారు. గోరఖ్‌పూర్‌లో పుట్టి అలీగఢ్‌లో అర్థశాస్త్రం బోధించిన ముహమ్మద్ నెజాతుల్లా సిద్దీఖీ (1931–2022) వడ్డీ లేకుండా బ్యాంకు ఎలా నడవగలదో సవివరంగా రాశారు. 1982లో ఆయనకు కింగ్ ఫైసల్ పురస్కారం లభించింది. వీరంతా వడ్డీని సమర్థించడానికి అర్థశాస్త్రం చదవలేదు. దాన్ని ఎదుర్కోవడానికి చదివారు. ఆ శాస్త్రపు భాష రాకపోతే వారి వాదన విశ్వవిద్యాలయాల గుమ్మం దాటి లోపలికి వెళ్లేది కాదు.

ఇప్పుడు నీ ప్రశ్న దగ్గరికే వద్దాం. చిన్న అప్పులు పేద స్త్రీల జీవితాలను మారుస్తాయా? ఈ ప్రశ్నను కొందరు ఆర్థికవేత్తలు మన హైదరాబాద్‌లోనే అడిగారు. నగరంలోని 104 పేద బస్తీలను తీసుకున్నారు. చీటీ తీసినట్టు వాటిలో సగం, అంటే 52 బస్తీలను ఎంపిక చేసి, అక్కడ ఒక సూక్ష్మరుణ సంస్థ తన శాఖలు తెరిచేలా చూశారు. మిగిలిన 52 బస్తీల్లో ఆ సంస్థ అప్పుడు తెరవలేదు. కొంతకాలం తరువాత రెండు రకాల బస్తీల్లోనూ ఇంటింటి సర్వే చేసి పోల్చి చూశారు. 2005లో మొదలైన ఈ పరిశోధన ఫలితాలు 2015లో ప్రచురితమయ్యాయి. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవారు దానిలో మరికొంత పెట్టుబడి పెట్టగలిగారు. కానీ కుటుంబాల మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, ఇంట్లో స్త్రీల నిర్ణయాధికారంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఈ పరిశోధకుల్లో ఇద్దరు, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, పేదరికం మీద ఇటువంటి ప్రయోగాత్మక కృషికి 2019లో మైకేల్ క్రేమర్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఈలోగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో మీ ఇంట్లో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి, వసూలుకు ఒత్తిళ్లు పెరిగాయి, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. చివరికి 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. మీ ఎదురింటి ఖాలా కష్టం ఆమె ఒక్కరిదే కాదని, దాని వెనుక ఒక చరిత్ర ఉందని, దాన్ని కొలిచి చూసే పద్ధతులు ఉన్నాయని ఇప్పుడు నీకు తెలిసింది. ఆ పద్ధతులను నేర్పేది నీవు కోరుతున్న చదువే.

ఆ పద్ధతులు మన సొంత వ్యవహారాల్లోనూ అవసరం. జకాత్ పేదరికానికి పరిష్కారమని మన ప్రసంగాల్లో తరచుగా వింటాము. అది నిజమే. నిసాబ్ ఏడున్నర తులాల బంగారమో, యాభై రెండున్నర తులాల వెండో అని తెలుసు, నూటికి రెండున్నర చెల్లించాలని తెలుసు, తౌబా సూరా 60వ వాక్యం పేర్కొన్న ఎనిమిది వర్గాలు తెలుసు. అనుకుందాం, ఒక ఊళ్లో లక్ష రూపాయల జకాత్ పోగయింది. దాన్ని వందమందికి వెయ్యి చొప్పున పంచాలా? పదిమందికి పదివేలతో కుట్టుమిషన్లో తోపుడుబండ్లో ఇవ్వాలా? అర్హుల్లో రుణగ్రస్తులూ ఉన్నారు గనుక ముందు వారి అప్పు తీర్చాలా? నిరుడు తీసుకున్నవారిలో ఎంతమంది ఈ ఏడు చేయి చాపనవసరం లేని స్థితికి వచ్చారు? ఎవరు అర్హులన్నది షరీఅత్ నిర్ణయించింది. ఆ హద్దుల్లో ఏ మార్గం మనిషిని నిలబెడుతుందో పరిశీలించి తెలుసుకునే పని మనకు వదిలింది. ఈ లెక్కలు రాసి చూసే ఊళ్లు ఎన్ని ఉన్నాయో మనకు మనమే ప్రశ్నించుకోవాలి.

ఇంకొక విషయం. దేశంలో ముస్లింల స్థితిగతుల మీద జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ 2005లో ఏర్పడి 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. చదువులో, ఉద్యోగాల్లో, బ్యాంకు రుణాల్లో మనం ఎంత వెనుకబడి ఉన్నామో అది పట్టికలతో సహా చూపింది. ఆ కమిటీ సభ్య కార్యదర్శి అబూసాలెహ్ షరీఫ్ ఆర్థికవేత్త. జనగణన, జాతీయ నమూనా సర్వే లెక్కలను విశ్లేషించి ఆ పట్టికలు తయారు చేశారు. తెలంగాణలో సుధీర్ కమిషన్ కూడా 2016లో ఇటువంటి నివేదికే సమర్పించింది. మన గోడు మనం ఎంత చెప్పుకున్నా ప్రభుత్వం ముందు నిలిచేది లెక్క. ఆ లెక్కను చదవగలిగినవారు, అవసరమైతే అందులో పొరపాటును ఎత్తి చూపగలిగినవారు మన ఇళ్ల నుండి కూడా రావాలి.

ఇక మీ తండ్రిగారి ప్రశ్న. ఆయన మీద కుటుంబ భారం ఉంది గనుక ఉద్యోగం గురించి అడగడం ఆయన హక్కు. సోదరా! ఈ చదువుకు దారులు లేకపోలేదు. అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేసినవారు యుపిఎస్‌సి నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు. 1961లో ఏర్పడిన ఆ సర్వీసు కేంద్ర ప్రభుత్వానికి ఆర్థిక సలహాదారులను అందిస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ అర్థగణాంక శాఖలున్నాయి. జూనియర్ కాలేజీల్లో, డిగ్రీ కాలేజీల్లో అధ్యాపక ఉద్యోగాలున్నాయి. హైదరాబాద్‌లో 1980లో స్థాపించిన సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ వంటి పరిశోధనా సంస్థలున్నాయి. బ్యాంకు ఉద్యోగం ఒక్కటే గమ్యం కాదు. దాని విషయంలో మీకు సంశయం ఉంటే మీరు నమ్మే ఆలిమ్‌ను సంప్రదించండి. కానీ ఆ సంశయంతో చదువునే ఆపవద్దు. ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. ఇది మూడేళ్లలో చేతికి జీతం తెచ్చే చదువు కాదు. సాధారణంగా ఎం.ఏ. వరకు, అంటే అయిదేళ్లు పడుతుంది. ఆ అయిదేళ్లు ఇంటి ఖర్చు ఎలా గడుస్తుందో ముందే లెక్క వేసుకోండి. చదువు కోసం వడ్డీ అప్పు చేయవలసి వచ్చే పరిస్థితి తెచ్చుకోవద్దు. స్కాలర్‌షిప్పులు, ఫీజు రీయింబర్స్‌మెంటు, ఊరి బైతుల్‌మాల్, బంధువుల చేబదులు వంటి మార్గాలన్నీ ముందే చూసుకోండి.

దూరం గురించి బంధువులు అడిగినదానికి కూడా జవాబుండాలి. హాస్టలు ఎలా ఉంది, ప్రయాణం ఎలా చేస్తుంది, నమాజుకు, పర్దాకు వీలుంటుందా అన్నవి అడగవలసిన ప్రశ్నలే. అయితే వాటిని ఇంట్లో కూర్చుని ఊహించుకోవద్దు. తల్లిదండ్రులు ఆమెతో కలిసి వెళ్లి ఆ ప్రదేశాన్ని కళ్లారా చూసి రావాలి. అక్కడ చదువుతున్న అమ్మాయిలతో తల్లి మాట్లాడాలి. ఆర్థిక వ్యవహారాలు స్త్రీలకెందుకన్న మాట మాత్రం మన ఇళ్లలో చెల్లదు. విశ్వాసుల మాత హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) వర్తకురాలు. నమ్మకస్తులకు సరుకు అప్పగించి, లాభంలో వాటా ఇచ్చే పద్ధతిలో ఆమె వ్యాపారం నడిపించారు. వడ్డీకి బదులుగా ఇస్లామీ ఆర్థికవేత్తలు ఈనాడు సూచించే భాగస్వామ్య పద్ధతికి మూలం అటువంటి వ్యాపారాల్లోనే ఉంది.

అమ్మా! ఇప్పుడు నీకు కొన్ని హెచ్చరికలు. మొదటిది, గణితం. విశ్వవిద్యాలయ స్థాయి అర్థశాస్త్రంలో సగం గణితం, గణాంకశాస్త్రమే. నీవు ఎం.ఇ.సి. తీసుకోవడం మంచిదైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఇంటర్ స్థాయిలో గణితం చదవనివారికి అర్థశాస్త్రం ఆనర్స్‌లో ప్రవేశమే లేదు. లెక్కలంటే భయముంటే ఇప్పుడే దాన్ని జయించు. బీజగణితం మీద తొలి గ్రంథాల్లో ఒకటి రాసిన అల్ ఖ్వారిజ్మీ అందులో వారసత్వపు వాటాల లెక్కలకు పెద్ద భాగమే కేటాయించారు. ఆ లెక్కలు మన ధర్మంతో పెనవేసుకున్నవే.

రెండవది, పాఠ్యపుస్తకాలు. మనిషి ఎప్పుడూ తన లాభమే చూసుకుంటాడన్న ఊహతో అవి చాలా పాఠాలను మొదలుపెడతాయి. లెక్క సులభం కావడానికి పెట్టుకున్న ఊహ అది, మనిషి గురించిన పూర్తి సత్యం కాదు. మీ వీధిలోనే ఒకరి కిస్తీని మరొకరు తమ పూట గడవని రోజున కూడా కట్టి ఉంటారు. పుస్తకం చెప్పింది నేర్చుకో, పరీక్షలో రాయి, కానీ నీ కళ్లతో చూసినదాన్ని మరచిపోకు. మూడవది, దీనికి విరుద్ధమైన పొరపాటు. ఇస్లాంలో అన్నిటికీ పరిష్కారం ఉంది గనుక తమకు కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదనుకునే విద్యార్థులు ఉంటారు. పరిష్కారం ఉందని నమ్మడం విశ్వాసం. దాన్ని అమలు చేసే మార్గం కనుగొనడానికి మాత్రం చెమటోడ్చాలి.

దరఖాస్తు గడువుకు ఇంకా కొంత వ్యవధి ఉంది. ఈలోగా రెండు పనులు చెయ్యి. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ద్వారా, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాలు సియుఈటి పరీక్ష ద్వారా జరుగుతాయి. ఏ కళాశాలకు ఏ తేదీ చివరిదో, ఫీజు ఎంతో, హాస్టలు ఖర్చు ఎంతో ఒక కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెట్టు. వాదన కన్నా ఆ కాగితం ఆయనకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

రెండవ పని, ఎదురింటి ఖాలాను అనుమతి అడిగి, ఒక నెలపాటు ఆమె ఇంటి రాబడి, ఖర్చు, కిస్తీలు రోజువారీగా ఒక నోటుపుస్తకంలో రాసుకో. కుట్టినందుకు ఒక్కో జాకెట్టుకు ఎంత వచ్చింది, దారానికి, కరెంటుకు ఎంత పోయింది, ఏ వారం ఏ సంస్థకు ఎంత కట్టింది, అందులో అసలెంత, వడ్డీ ఎంత అన్నవన్నీ రాయి. ఆమె విషయం మరెవరికీ చెప్పకు, అది అమానతు. నెలాఖరున ఆ లెక్క ఆమెతో కలిసి చూడు. ముందుగా తీర్చవలసిన అప్పు ఏదో మీ ఇద్దరికీ కనిపించవచ్చు. ఆ తరువాత ఇంట్లో అందరూ కూర్చుని సంప్రదించుకోండి. ఇస్తిఖారా నమాజు చేసి, మేలైనదాని వైపు దారి చూపమని అల్లాహ్‌ను వేడుకో.

అల్లాహ్ నీకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! నీ జ్ఞానం వల్ల అప్పుల్లో ఉన్న ఒక్క ఇంటికైనా ఊరట కలిగేలా అనుగ్రహించుగాక! ఆమీన్.